రిచ్‌మండ్ దారి వాళ్లకు తెలుసు

2020 ఫిబ్రవరి 17, సోమవారం. అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో, అక్కడి సెనేట్ (ఎగువ సభ) జ్యుడీషియరీ కమిటీ ముందుకు హెచ్‌బీ 961 అనే బిల్లు వచ్చింది. అసాల్ట్ రైఫిళ్ల అమ్మకం ఆపేయాలని, 12 తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లు ఎవరి దగ్గరా ఉండకూడదని ఆ బిల్లు సారాంశం. దిగువ సభలో 51–48 ఓట్లతో బొటాబొటిగా గట్టెక్కి వచ్చింది. గవర్నర్ డెమొక్రాట్. రెండు సభలూ డెమొక్రాట్లవే. మూడు నెలల ముందు ఎన్నికల్లో వాళ్లు గట్టిగా ఇచ్చిన మాటల్లో ఒకటి తుపాకుల మీద చట్టాలు తెస్తామన్నది. అయినా కమిటీ 10–5 ఓట్లతో ఆ బిల్లును అధ్యయనం పేరుతో పక్కన పెట్టేసింది. నలుగురు డెమొక్రాట్లు రిపబ్లికన్లతో కలిసి ఓటేశారు. గదిలో కిక్కిరిసి ఉన్న తుపాకీ యజమానులు కేరింతలు కొట్టారు.

ఆ బిల్లు చట్టం కావాలని కోరుకున్నవాళ్లలో నేనొకణ్ని. వర్జీనియాలోనే లౌడన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉంటాను. మా పిల్లలకు ఇక్కడి బడిలో లెక్కలతో పాటు, తుపాకీతో ఎవడైనా బడిలోకి చొరబడితే ఏం చేయాలో చెప్పే లాక్‌డౌన్ డ్రిల్ కూడా నేర్పుతారు: లైట్లు ఆర్పేసి, గోడ వారగా, చప్పుడు చేయకుండా కూర్చోవడం. ఆరేళ్ల పిల్ల ఇంటికొచ్చి "నాన్నా, నేను ఇవాళ అస్సలు కదల్లేదు తెలుసా" అని గొప్పగా చెబితే మెచ్చుకోవాలో ఏడవాలో తెలియదు. కాబట్టి ఈ విషయంలో నేను తటస్థుణ్ని కాదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజు గెలిచినవాళ్లు చాలావరకు సరైన పద్ధతిలోనే గెలిచారు. తమ జీవితం మీదికి వస్తున్న బిల్లును చదివారు, సెలవు పెట్టుకుని వచ్చారు, తమ ప్రతినిధి ముఖం చూసి మాట్లాడారు. వాళ్లు చేసిన ఒక పని మాత్రం తప్పు. దాని సంగతి తర్వాత చెప్తాను. అంతకంటే పెద్ద తప్పు మాత్రం మన దగ్గరే ఉంది. మనమంటే ఇక్కడ బతుకుతున్న తెలుగువాళ్లం.

అసలు ఈ బిల్లులు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి. 2019 మే 31న వర్జీనియా బీచ్ మున్సిపల్ ఆఫీసులో అక్కడి ఉద్యోగే ఒకడు కాల్పులు జరిపి 12 మందిని చంపాడు. పిస్తోళ్లు చట్టబద్ధంగా కొన్నవే. వాటికి ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్లు తగిలించాడు. బిల్లులో 12 తూటాల హద్దు ఎందుకు పెట్టారో అర్థం కావాలంటే ఈ ఒక్క వివరం చాలు. అప్పటి గవర్నర్ రాల్ఫ్ నార్తమ్ జులై 9న ప్రత్యేక సమావేశం పిలిచారు. రిపబ్లికన్ల చేతిలో ఉన్న సభ గంటన్నరలో వాయిదా పడింది. బిల్లులన్నీ అధ్యయనం కోసం రాష్ట్ర క్రైమ్ కమిషన్‌కు వెళ్లాయి. నవంబర్‌లో ఓటర్లు సభనే మార్చేశారు. కొత్త సభ్యుల్లో మన హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హాష్మీ కూడా ఉన్నారు. రిచ్‌మండ్ శివార్లలో రిపబ్లికన్ సీటును గెలుచుకుని ఆమె సెనేట్‌లో అడుగుపెట్టారు.

ఎన్నికల ఫలితం వచ్చిన వారాల్లోనే తుపాకీ యజమానులు కదిలారు. కౌంటీ బోర్డుల మీటింగులకు మామూలుగా పదిమంది కూడా రారు. అలాంటిది ఆ చలికాలం సాయంత్రాల్లో హాళ్లు నిండిపోయి జనం పార్కింగ్ లాట్లలో నిలబడ్డారు. తమ కౌంటీని 'సెకండ్ అమెండ్‌మెంట్ శాంక్చువరీ' అని, అంటే రాజ్యాంగం రెండో సవరణ ఇచ్చిన తుపాకీ హక్కుకు రక్షిత ప్రాంతమని, ప్రకటించాలని వాళ్ల డిమాండ్. వందకు పైగా కౌంటీలు, ఊళ్లు అలా తీర్మానాలు చేశాయి. మా లౌడన్, పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్ చేయలేదు. ఆ తీర్మానాలకు చట్టపరంగా విలువ లేదని అటార్నీ జనరల్ డిసెంబర్‌లోనే తేల్చి చెప్పారు. విలువ లేకపోవచ్చు గానీ, తన నియోజకవర్గంలో ప్రతి కౌంటీ తీర్మానం చేసిందని తెలిసిన సెనేటర్ రాత్రి పడుకునేటప్పుడు ఏం ఆలోచిస్తాడు? ఫిబ్రవరిలో ఓటు మార్చిన ఆ నలుగురి మనసులో ఈ తీర్మానాలు లేవంటే నేను నమ్మను.

తర్వాత జనవరి 20. మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. వర్జీనియా చట్టసభ ఏటా జనవరి రెండో బుధవారం మొదలవుతుంది. ఆ తర్వాత వచ్చే మొదటి జాతీయ సెలవు ఇదే. ఉద్యోగస్థులు జీతం కోల్పోకుండా రిచ్‌మండ్ రాగలిగే రోజు. అందుకే ఎన్నో ఏళ్లుగా రకరకాల సంఘాలు ఆ రోజే లాబీ డే (చట్టసభ సభ్యుల్ని కలిసి తమ మాట చెప్పుకునే రోజు) పెట్టుకుంటాయి. వర్జీనియా సిటిజెన్స్ డిఫెన్స్ లీగ్ అనే తుపాకీ హక్కుల సంఘం కూడా అంతే. మిగతా ఏళ్లలో వందల మంది వస్తే ఆ ఏడాది పోలీసుల అంచనా ప్రకారం 22 వేల మంది వచ్చారు. కంచె వేసిన క్యాపిటల్ స్క్వేర్ లోపల 6 వేలు, బయట వీధుల్లో 16 వేలు.

గవర్నర్ అత్యవసర పరిస్థితి ప్రకటించి స్క్వేర్ లోపలికి ఆయుధాలు తేకూడదన్నారు. కొన్నాళ్ల ముందే ఎఫ్‌బీఐ వాళ్లు 'ది బేస్' అనే నాజీ భావాల ముఠాకు చెందినవాళ్లను అరెస్టు చేశారు. ఆ రోజు ఏం జరుగుతుందోనని రాష్ట్రమంతా ఒకటే టెన్షన్. ఏమీ జరగలేదు. గడ్డకట్టే చలిలో తెల్లవారకముందే క్యూ కట్టారు, మెటల్ డిటెక్టర్లు దాటారు, నినాదాలిచ్చారు, ఉపన్యాసాలు విన్నారు, వెళ్లేటప్పుడు చెత్త కూడా ఏరుకుని వెళ్లారు. అరెస్టయింది ఒక్క మనిషి, అదీ ముఖానికి ముసుగు వేసుకున్నందుకు. టీవీల్లో, ఫోన్లలో కనిపించిందంతా వీధిలో భుజాన రైఫిళ్లు వేసుకుని, మిలిటరీ బట్టలు తొడుక్కుని నిలబడ్డవాళ్లు.

నా దృష్టిలో ఆ రోజు అసలు పని చేసింది వాళ్లు కాదు. అప్పట్లో చట్టసభ సభ్యుల ఆఫీసులున్న పోకహాంటస్ బిల్డింగ్‌లోకి తుపాకీ లేకుండా, జాకెట్ మీద 'గన్స్ సేవ్ లైవ్స్' (తుపాకులు ప్రాణాలు కాపాడతాయి) అనే నారింజ రంగు స్టిక్కర్‌తో లోపలికెళ్లిన మామూలు మనుషులు. రైతులు, ప్లంబర్లు, రిటైరైన నర్సులు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, లాబీ డే అయిపోయిన కొద్దిరోజులకు నేను కూడా రిచ్‌మండ్ వెళ్లాను. మా తరఫు బిల్లులకు మద్దతు చెబుదామని. ఐ-95 మీద ట్రాఫిక్ ఈదుకుంటూ చేరేసరికి మా డెలిగేట్, అంటే దిగువ సభలో మా ప్రతినిధి, కమిటీలో ఉన్నారు. ఆఫీసు అంటే ఒక చిన్న గది, రెండు బల్లలు, ఒక సహాయకురాలు. వర్జీనియాలో డెలిగేట్ ఉద్యోగం పార్ట్‌టైమ్. ఏడాదికి 17,640 డాలర్ల జీతం. సరి సంవత్సరాల్లో 60 రోజులు, బేసి సంవత్సరాల్లో 45 రోజులు సమావేశాలు. ఆ కొద్దిరోజుల్లో వందలకొద్దీ బిల్లులు. అన్నీ చదవడం ఏ మనిషికీ సాధ్యం కాదు. ఆ అమ్మాయి నన్ను రెండే ప్రశ్నలడిగింది: మీ జిప్ కోడ్ ఏమిటి, ఏ బిల్లు గురించి వచ్చారు? కంప్యూటర్లో ఒక పట్టిక తెరిచి అందులో రాసుకుంది. జిప్ కోడ్, బిల్లు నంబరు, అనుకూలమా, వ్యతిరేకమా, ఒక్క ముక్కలో కారణం. స్క్రీన్ నా వైపు కాస్త తిరిగి ఉంది. తుపాకీ బిల్లుల దగ్గర 'వ్యతిరేకం' అన్న వరస తెర కిందికంటా సాగుతూనే ఉంది. మధ్యలో అక్కడక్కడా 'అనుకూలం'. డెమొక్రాట్లకు కంచుకోట లాంటి మా ఉత్తర వర్జీనియా డెలిగేట్ ఆఫీసులో పరిస్థితి అది! ఇక గ్రామీణ ప్రాంతాల సెనేటర్ల దగ్గర ఎలా ఉండి ఉంటుందో ఊహించండి.

ఆ పట్టికలో కారణాల గడిని నేను ఆత్రంగా చదివాను. "మా హక్కు" అని రాసినవి తక్కువ. ఎక్కువ భాగం చిన్న చిన్న, ముక్కుసూటి విషయాలు. మా నాన్న రైఫిల్ నాకిస్తే నేరమా? షూటింగ్ రేంజ్‌లో మా బావమరిదికి నా పిస్తోలు చేతికిస్తే అది బదిలీ కిందికి వస్తుందా? నా దగ్గరున్న పదిహేను తూటాల మ్యాగజైన్ తుపాకీతో పాటు వచ్చిందే, దాన్నిప్పుడేం చేయాలి?

ఈ ప్రశ్నలకు బలముంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ (తుపాకీ తీసుకునేవాడి పాత రికార్డు తనిఖీ) బిల్లు మొదట్లో అన్ని రకాల 'బదిలీలకూ' వర్తించేలా ఉండేది. సెనేట్ దాన్ని 'అమ్మకాలకు' మాత్రమే అని మార్చి ఆ మార్పు మీదే నిలబడింది. చివరికి చట్టమైంది అదే. నాకు తెలిసి ఆ మార్పు బిల్లును బాగుచేసింది. తమ్ముడికి ఒక మధ్యాహ్నం తుపాకీ అరువిచ్చినవాణ్ని నేరస్థుణ్ని చేసే చట్టం వల్ల ఎవరి ప్రాణమూ నిలవదు. పైగా మంచి చట్టం మీద కూడా జనానికి నమ్మకం పోతుంది. వేటకెళ్లే మనిషి వచ్చి చెప్పకపోతే అర్బన్ డెలిగేట్‌కు ఈ సంగతి తోచదు. తోచే అవకాశం కూడా లేదు.

తుపాకీ అనేది నాకు పూర్తిగా పరాయి వస్తువేం కాదు. చిత్తూరు జిల్లాలో మా తాతగారికి లైసెన్సు తుపాకీ ఉండేది. రాత్రిళ్లు అడవి పందులు వేరుశనగ చేలో పడకుండా కాపలాకి. ఎన్నికలొచ్చాయంటే దాన్ని గోనెసంచిలో చుట్టి పోలీస్ స్టేషన్లో అప్పగించి, రసీదు తెచ్చి దేవుడి పటం వెనక దాచేవారు. కోడ్ ఎత్తేశాక మళ్లీ వెళ్లి తెచ్చుకునేవారు. ఎన్నికల నెలలో పందులు సెలవు తీసుకోవు గదా అని ఆయన విసుక్కునేవారు గానీ, ఆ మాట ఎమ్మెల్యే దగ్గరికెళ్లి చెప్పొచ్చన్న ఆలోచన ఆయనకెప్పుడూ రాలేదు. ప్రభుత్వం చెప్పింది, మనం చేశాం, అంతే. ఇండియాలో కూడా అడిగినవాళ్లకు దక్కిన సందర్భాలున్నాయి. 2019లో కేంద్రం ఆయుధాల చట్టాన్ని సవరిస్తూ ఒక్కొక్కరి దగ్గర మూడు తుపాకుల దాకా ఉండొచ్చన్న నిబంధనను ఒకటికి కుదించాలని బిల్లు పెట్టింది. లైసెన్సుదారుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించేనాటికి ఒకటి కాస్తా రెండయింది.

ఇక తూటాల సంగతి. వర్జీనియాలో తూటాలు కొనడానికి చెక్ లేదు. కాలిఫోర్నియాలో ఉంది. 2016లో ఓటర్లు ప్రపోజిషన్ 63ని ఆమోదించారు, 2019 జులై 1 నుంచి తూటాలు కొనే ప్రతిసారీ తనిఖీ అమల్లోకి వచ్చింది. తుపాకీ ఎన్నేళ్లయినా పనిచేస్తుంది, తూటాలు మాత్రం మళ్లీ మళ్లీ కొనాల్సిందే. తుపాకీ చేతికొచ్చాక నేరం చేసి హక్కు కోల్పోయినవాడిని పట్టుకోవాలంటే తూటాల కౌంటరే సరైన చోటు. ఈ వాదన నాకు నచ్చుతుంది. అయితే అమలు ఎలా జరిగిందో చూడండి. కోర్టు ముందుకొచ్చిన లెక్కల ప్రకారం తొలి నెలల్లో మామూలు తనిఖీకి వెళ్లిన కాలిఫోర్నియా వాసుల్లో సుమారు 16 శాతం మందిని కంప్యూటర్ కాదనేసింది. వాళ్లలో నేరస్థులు ఏ కొద్దిమందో. మిగతావాళ్లకు రాష్ట్రం దగ్గరున్న రికార్డులో తుపాకీ నమోదు లేకపోవడమో, ఇల్లు మారాక అడ్రస్ కలవకపోవడమో, పేరు ఒకచోట ఒకలా ఉండటమో సమస్య. 2020 ఏప్రిల్‌లో ఫెడరల్ జడ్జి రోజర్ బెనితెజ్ ఈ లెక్కల్నే ఎత్తి చూపి చట్టాన్ని ఆపారు. పై కోర్టు ఆయన ఆదేశాన్ని నిలిపేసి చట్టాన్ని మళ్లీ అమలు కానిచ్చింది. కేసు ఏళ్లపాటు నలిగి 2025 జులైలో నైన్త్ సర్క్యూట్ అనే ఆ పై కోర్టు ధర్మాసనం ఒకటి 2–1తో చట్టం చెల్లదంది.

పేరు కలవకపోవడం అంటే ఏమిటో అమెరికాలో మనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాసుకునే అలవాటు మనది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే వీసా మీద మొదటి పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. ఒక కార్డు మీద వెంకట, ఇంకోదాని మీద వి., మూడోదాని మీద వెంకటసుబ్బారావు మొత్తం కలిపి ఒకే ముక్క. డ్రైవింగ్ లైసెన్సు కోసం, ఇంటి లోను కోసం ఎంతమంది చెప్పులరిగేలా తిరగలేదు! డేటాబేస్ కాదంటే నేను నేనేనని నిరూపించుకోవాల్సిన గతి పట్టినవాడికి, తూటాల కౌంటర్ దగ్గర తల దించుకుని వెనక్కి వచ్చిన ఆ కాలిఫోర్నియా మనిషి బాధ అర్థం కావాలి. తుపాకీ యజమానులు చెప్పేవాటిలో నేను పూర్తిగా ఒప్పుకునేది ఇదే.

మా వీధిలో ఉండే తమ్ముడొకడికి సరిగ్గా ఇదే జరిగింది. కరీంనగర్ కుర్రాడు. గ్రీన్ కార్డు వచ్చాక, 2020 వేసవిలో, కోవిడ్ భయంలో అందరూ కొంటుంటే తనూ ఒక పిస్తోలు కొనడానికి వెళ్లాడు. వర్జీనియా స్టేట్ పోలీస్ చెక్ మామూలుగా నిమిషాల్లో అయిపోతుంది. 1989లో దేశంలోనే మొదటిసారి ఇలాంటి తక్షణ తనిఖీ పెట్టిన రాష్ట్రం ఇదే. ఇతని గ్రీన్ కార్డులో, లైసెన్సులో పేర్లు అటూ ఇటూ అయి ఉన్నాయి. రోజుల తరబడి 'డిలే' అని తప్ప ఇంకో జవాబు లేదు. "ఏమన్నా తప్పు చేసిన్నా అన్నా నేను? షాపుల అందరు నన్ను దొంగను జూసినట్టు జూసిన్రు" అన్నాడు. చివరికి వచ్చింది. ఆయన ఇప్పుడు నారింజ స్టిక్కర్ వాళ్ల మెయిలింగ్ లిస్టులో ఉన్నాడు. నేను ఎన్ని చెప్పినా ఆయన ప్రశ్న ఒకటే: "రాత్రి పూట ఎవడన్న ఇంట్లకొస్తే పోలీసులొచ్చేదాక నువ్వొచ్చి ఆపుతవా అన్నా?"

ఆ ప్రశ్నకు నా జవాబు ఆయనకు నచ్చదు, ఇక్కడా చెప్తున్నాను. ఇంట్లో ఒక పిస్తోలు ఉంచుకునే హక్కును ఈ బిల్లులు ముట్టుకోలేదు. అమ్మేముందు చెక్ చేయమన్నాయి. నెలకు ఒకటి మించి పిస్తోళ్లు కొనొద్దన్నాయి. ఈ నిబంధన వర్జీనియాలో 1993 నుంచి 2012 దాకా ఉన్నదే. తనకో పక్కవాళ్లకో ముప్పు తలపెట్టేలా ఉన్న మనిషి దగ్గర్నుంచి జడ్జి ఆదేశంతో కొంతకాలం తుపాకీ తీసిపెట్టమన్నాయి. తుపాకీ పోతే 48 గంటల్లో పోలీసులకు చెప్పమన్నాయి. ఈ నాలుగూ ఆ ఏప్రిల్‌లో చట్టాలయ్యాయి, జులై 1 నుంచి అమలయ్యాయి. వీటి వల్ల మా తమ్ముడి పిస్తోలు ఎక్కడికీ పోలేదు. తాతల నాటి హక్కు మొత్తం లాక్కుంటున్నారన్న ప్రచారం మాత్రం ఇంకా నడుస్తోంది, అది అబద్ధం.

2007లో వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపినవాడు తుపాకులు కొన్నది చెక్ దాటుకునే. అతను ప్రమాదకరమని ఒక కోర్టు అంతకుముందే చెప్పింది. ఆ సంగతి డేటాబేస్‌కు చేరలేదు. కరీంనగర్ తమ్ముణ్ని ఆపిన రికార్డుల గందరగోళమే అక్కడ హంతకుణ్ని వదిలేసింది. రికార్డులు సరిగ్గా ఉంటే రెండూ జరగవు. చెక్ వద్దనేవాళ్లూ, చెక్ చాలనేవాళ్లూ ఈ రికార్డుల మీద ఎందుకు గొంతెత్తరో నాకు అర్థం కాదు.

ఇప్పుడు వాళ్లు చేసిన తప్పు. జనవరి 20న వీధుల్లోకి వచ్చిన రైఫిళ్లు. ఏటా అదే సెలవు రోజు, అదే చోట, తుపాకులకు బలైనవారిని తలుచుకుంటూ ఒక సభ జరిగేది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు, గాయాలతో బయటపడ్డవాళ్లు వచ్చేవారు. 2020లో భయపడి ఆ సభను రద్దు చేసుకున్నారు. తుపాకీ హింసకు వ్యతిరేకంగా పనిచేసే మార్చ్ ఫర్ అవర్ లైవ్స్ ఉద్యమంలోని విద్యార్థులు కొందరు పొద్దున్నే ఆ గుంపు దాటుకుని రాలేమని ముందు రాత్రే డెలిగేట్ ఆఫీసుకు చేరి నేల మీద పడుకున్నారు. వినతిపత్రం ఇచ్చే హక్కు అందరిదీ అయినప్పుడు, ఒకడు భుజాన రైఫిల్‌తో గుమ్మం దగ్గర నిలబడితే రెండోవాడు రాకుండా ఆగిపోతాడు. రైఫిల్ పట్టుకున్నవాడి మనసులో ఏ దురుద్దేశమూ లేకపోవచ్చు. ఎవరినీ కాల్చలేదు కదా, చెత్త కూడా ఏరాం కదా అని వాళ్లంటారు. నిజమే. తూటా వల్ల కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఆ వీధిలో నడవగలదా అని వాళ్లు ఒక్కసారి తమను తాము అడిగి ఉంటే బాగుండేది. 2021లో చట్టసభ క్యాపిటల్ స్క్వేర్‌లోకి తుపాకులు తేవడాన్ని నిషేధించింది. అది సరైన పని. తుపాకీ యజమానులు ఇంకా వస్తూనే ఉన్నారు, లోపలికెళ్లి మాట్లాడుతూనే ఉన్నారు. వాళ్ల మాట బలం ఏమీ తగ్గలేదు.

హెచ్‌బీ 961 తర్వాత కథ పొట్టిగా చెప్తాను. అలాంటి బిల్లే 2024లో రెండు సభలూ దాటింది. అప్పటికి గవర్నర్ కుర్చీలో రిపబ్లికన్ గ్లెన్ యంగ్‌కిన్ ఉన్నారు. ఒకే రోజు 30 తుపాకీ బిల్లుల్ని వీటో చేశారు, అందులో ఇదొకటి. 2025లో మళ్లీ వచ్చింది, మళ్లీ వీటో. 2020 ఫిబ్రవరిలో ఆ గదిలో దక్కిన వాయిదా తుపాకీ యజమానులకు ఏళ్ల తరబడి అక్కరకొచ్చింది.

మన సంగతికి వస్తాను. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేతాలో ఒక బార్‌లో "మా దేశం నుంచి పో" అని అరిచి ఒకడు మన హైదరాబాద్ ఇంజనీర్‌ను కాల్చి చంపాడు. 2018 జులైలో మిస్సోరి రాష్ట్రంలోని కాన్సాస్ సిటీలో ఒక రెస్టారెంట్‌లో కాల్పులకు వరంగల్ విద్యార్థి ప్రాణం పోయింది. ఆ తర్వాతా ఆగలేదు. ప్రతిసారీ మనం చేసేది ఒకటే. గంటల్లో గోఫండ్‌మీలో చందాల సేకరణ మొదలవుతుంది. తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల వాళ్లు కాన్సులేట్‌తో మాట్లాడతారు. శవపేటిక శంషాబాద్ చేరుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో పిల్లలకు జాగ్రత్తలు: రాత్రి షిఫ్టులు వద్దు, ఎవరితోనూ వాదన వద్దు, ఏటీఎం దగ్గర ఒంటరిగా వద్దు. ఆ డబ్బు పంపే చేతులకు నేను దండం పెడతాను, ఆ తల్లిదండ్రులకు బిడ్డ చివరి చూపు దక్కించేది వాళ్లే. అయితే ఆ తుపాకీ వాడి చేతికి ఎలా వచ్చిందని ఎవరైనా అడిగారా? ఆ రాష్ట్ర చట్టసభకు ఒక్క ఉత్తరమైనా వెళ్లిందా? వర్జీనియా చట్టాలు కాన్సాస్‌లో పనిచేయవని నాకు తెలుసు. అందుకే ప్రతి రాష్ట్రంలోనూ అడిగేవాళ్లు ఉండాలంటున్నాను.

ఉగాది సంబరాలకు డెలిగేట్లను, సెనేటర్లను పిలిచి శాలువా కప్పి ఫొటోలు దిగుతాం. ఫండ్‌రైజర్లలో పెద్ద పెద్ద చెక్కులిస్తాం. ఆ అరగంటలో వాళ్లతో మాట్లాడేది వీసాల గురించి, దీపావళి సెలవు గురించి. బిల్లు నంబరు చెప్పి "దీని మీద మీ ఓటు ఏమిటండీ?" అని అడగడం అమర్యాద అనుకుంటాం. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత మనదే.

నేనీ మాట ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు: "మనకెందుకండీ ఈ గొడవ? వీసా మీద ఉన్నవాళ్లం, తల వంచుకుని మన పని మనం చేసుకోవాలి." హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు వేట లైసెన్సు లాంటి మినహాయింపులు తప్పితే తుపాకీ పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టమే ఉంది, ఓటు లేదు, చందా ఇవ్వకూడదు. నిజమే. నోరు తెరిచి ప్రతినిధితో మాట్లాడటానికి మాత్రం ఏ పౌరసత్వమూ అక్కర్లేదు. ఆ సహాయకురాలు నన్ను అడిగింది జిప్ కోడే, పాస్‌పోర్టు కాదు. సుమారు 86 వేల మందికి ఒక డెలిగేట్. ఆ లెక్కలో మన ఇళ్లలో ఉన్న ప్రతి మనిషీ ఉన్నారు, విజిటర్ వీసా మీద చూడటానికి వచ్చిన అత్తగారితో సహా కాకపోయినా, బడికి వెళ్లే పిల్లలతో సహా. మన పక్షాన వినేవాళ్లు లేరని కూడా ఇప్పుడు అనలేం. 2025 నవంబర్‌లో గజాలా హాష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. వర్జీనియా సెనేట్‌కు అధ్యక్షత వహించే పదవి అది.

నేను చెప్పినదాని కోసం మీరంతా తుపాకీ చట్టాల వైపు నిలబడాలని లేదు. మా కరీంనగర్ తమ్ముడు అటువైపు నిలబడి ఫోన్ చేస్తున్నాడు, సంతోషమే. మొన్న ఇద్దరం కూర్చుని ఒక విషయం దగ్గర కలిశాం. చెక్‌లో పేరు కలవక ఆగిపోయినవాడికి ఇన్ని రోజుల్లోగా కారణం రాతపూర్వకంగా చెప్పాలి, సరిచేసుకునే దారి ఉండాలి, ఆ ఖర్చు రాష్ట్రమే భరించాలి. అదే చేత్తో, కోర్టులు ఇచ్చే ఆదేశాలు స్టేట్ పోలీస్ రికార్డులోకి ఆలస్యం లేకుండా ఎక్కాలి. ఒక పేజీ రాసుకున్నాం. ఆయన తన స్టిక్కర్‌తో, నేను స్టిక్కర్ లేకుండా, వచ్చే సమావేశాల్లో మా డెలిగేట్ దగ్గరికి కలిసి వెళ్తున్నాం. లౌడన్‌లో, ఫెయిర్‌ఫాక్స్‌లో, హెన్రైకోలో ఉన్నవాళ్లు ఎవరైనా ఆ పేజీ కావాలంటే అడగండి, పంపిస్తాను. మీ డెలిగేట్‌కు ఇచ్చేముందు మీకు నచ్చని వాక్యాలు కొట్టేసి మీ మాటల్లో రాసుకోండి. అందరూ ఒకే కాగితం ఇస్తే ఆ ఆఫీసుల్లో ఇట్టే పసిగడతారు.